తోడు లేకుండా నడపవద్దు

మేడ మీద మిషన్ల గది నుంచి

చెల్లీ,

మన మెకానిక్కు నిన్న తిరిగొచ్చాడు. నా పాత కారును మీ గుమ్మంలో పెట్టి, తాళం బావగారి చేతికిచ్చి బస్సెక్కానని చెప్పాడు. దారిలో ఏ పేచీ పెట్టలేదట. మంచిది.

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. బండి సంగతులైతే రాయగలను.

ఆయిలు పొద్దున్నే చూడాలి. ఇంజను చల్లగా ఉండాలి, బండి చదునైన చోట ఉండాలి. ఆయిలు కొలిచే కడ్డీ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ గుచ్చి తియ్యి. రెండు గీతల మధ్య తడి కనిపిస్తే చాలు. ఎక్కువ పోస్తే మంచిదనుకోకు. బండి కింద అట్టముక్క పరిచి పెట్టు. నల్లచుక్క ఒకటీ అరా పడుతుంది, అది దాని అలవాటు. రేడియేటర్‌లో పోసే పచ్చనీళ్ళు పడితే మాత్రం నాకు రాయి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోకు.

టైర్ల పక్కల పగుళ్ళు చూడు. పగుళ్ళుంటే దూరం పోవద్దు. వాన పడుతుంటే తీయొద్దు. మొదట్లో పక్కన తోడు లేకుండా నడపవద్దు. నా ఆపరేషన్‌కు ముందు ఇక్కడున్నప్పుడు బాగానే నడిపావు, పరీక్ష కూడా పాసయ్యావు. అయినా అప్పుడు పక్కన నేనున్నాను కదా.

వెనక సీటు మీద మిషన్ నూనె మరక ఉంది. అది పోదు. ఊళ్ళ వెంట తిరిగి కుట్టుమిషన్లు బాగుచేసినన్నాళ్ళూ ఆ సీటే నా కొట్టు.

కుట్టు బడిలో నేర్పడానికి ఎప్పుడు చేరుతున్నావు? బస్సు లేని చోటికి ఎలా పోతావని కదా బావగారి బెంగ. ఇప్పుడది తీరింది. ఆ బండి నా దగ్గరుంటే ఏం లాభం, ఆపరేషన్ తరువాత ఎడమ పక్క నాకేమీ కనబడదు. నీ దగ్గరుంటే అది పని చేస్తుంది.

అన్నయ్య


ముందు గది నుంచి

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. ఆయన చదివి వినిపించారు. చాలా బాగా రాశావన్నారు. ఇంత పద్ధతిగా రాసేవాళ్ళు ఇప్పుడు లేరన్నారు. ఉద్యోగమంతా లిఫ్టులు తనిఖీ చేసిన మనిషి కదా, ఇలాంటివి ఆయనకు ఇష్టం. నీ ఉత్తరాన్ని బండి పెట్టే షెడ్డు గోడకు అంటించారు. ముఖ్యమైన చోట ఎర్ర పెన్సిలుతో గీతలు కూడా గీశారు.

టైర్లు చూడడానికి భూతద్దం తెచ్చారు. నాలుగింటికీ పగుళ్ళున్నాయట. నాకైతే రెండింటికే కనిపించాయి.

రోజూ పొద్దున పది నిమిషాలు బండి స్టార్టు చేసి ఉంచుతున్నాను. తాళం ఆయన దగ్గరే ఉంటుంది. అదే భద్రం.

బడి సంగతి నిదానంగా చూద్దామన్నారు. తొందరేమీ లేదు.

కళ్ళలో మందు మరిచిపోకుండా వేసుకో. దిండు కింద పెట్టుకుని ఇల్లంతా వెతకకు.

చెల్లి


మేడ మీద మిషన్ల గది నుంచి

చెల్లీ,

నా రాత గోడకెక్కిందంటే నమ్మలేకపోయాను. చిన్నప్పుడు బళ్ళో నా రాత చూసి పంతులుగారు గోడకుర్చీ వేయించేవారు. ఇప్పుడు రాతే గోడెక్కింది. బావగారికి నచ్చాయన్నావు కాబట్టి గుర్తున్నవన్నీ రాస్తున్నాను.

చీకటి పడ్డాక నడపొద్దు. ముందు లైట్ల అద్దాలు పసుపెక్కి మసకేశాయి. బ్యాటరీ కొసల మీద తెల్లపొడి పేరుకుంటుంది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, పైన కాస్త గ్రీజు రాయాలి. కడిగేముందు వైర్లు ఊడదీయాలి. వాన రోజుల్లో హ్యాండ్ బ్రేకు వేసి వదిలేస్తే పట్టేస్తుంది. గేరులో పెట్టి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టు. టైర్లు మార్చాల్సిందే. మెకానిక్కు అన్నాడు, నేనే వాయిదా వేశాను.

రెండో గేరు ఒక్కోసారి పడనంటుంది. దానితో గొడవకు దిగకు.

బడికి వెళ్ళేది మట్టిరోడ్డని విన్నాను. కింద రాయి తగిలితే ఆయిలు గిన్నె పగులుతుంది. రోడ్డు చూసుకుని పో.

ఒక పని చెయ్యి. ఇంజను మీద ఆయిలు పోసే మూత ఉంది కదా, దాన్ని తిప్పి తీసి లోపలివైపు ఎలా ఉందో చూసి రాయి.

నువ్వు కుట్టు నేర్పుతావంటే నాకెంత సంతోషంగా ఉందో. నీకు మొదట సూదిలో దారం ఎక్కించడం నేర్పింది నేనే అని ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తుంది. చెప్పడానికి ఎవరూ దొరకలేదు. మెకానిక్కుకు చెప్పాను. వాడు స్పానరు కోసం వెతుకుతూ ఊఁ అన్నాడు.

అన్నయ్య


ముందు గది నుంచి

అన్నయ్యకు,

ఈ ఉత్తరమూ గోడ మీదికి చేరింది. మొదటిదాని పక్కనే.

మూత తీసి చూశాను. లోపల తెల్లగా, జిగటగా ఉంది. కాఫీ మీద కట్టిన మీగడలాగ. వేలితో తీస్తే వచ్చింది. రేడియేటర్‌లో నీళ్ళు మాత్రం పోసినవి పోసినట్టే ఉన్నాయి. అట్టముక్క మీద మూడు నల్లచుక్కలు.

బ్యాటరీ కడిగాను. ఆయన పక్కన నిలబడి నీ ఉత్తరం పైకి చదివారు, నేను చేశాను.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఏమీ ఇబ్బంది లేదు. బడివాళ్ళ దగ్గర నుంచి కబురొచ్చింది. చూద్దామన్నారు.

చెల్లి

బావగారికి నమస్కారం. ఆమె ఉత్తరం కిందే నేనూ రెండు మాటలు రాస్తున్నాను. మీ సూచనలు చాలా విలువైనవి. మట్టిరోడ్డు విషయం నేను ఆలోచించనేలేదు. ఇంకేమైనా గుర్తొస్తే తప్పక రాయండి.


మేడ మీద మిషన్ల గది నుంచి

చెల్లీ,

నీళ్ళు తగ్గకుండా మూత కింద మీగడ కట్టిందంటే నాకు తెలిసి ఒకటే కారణం. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తున్నారు. లోపలి తడి బయటికి పోయే వీలులేక ఆయిల్లో కలుస్తోంది. షెడ్డులో పది నిమిషాలు మోగించి ఆపితే బండికి మేలు చేసినట్టు కాదు. అది బయటికి పోవాలి. రోడ్డు మీద బాగా పరుగెత్తాలి.

బండి ఒక్కసారైనా గేటు దాటిందా?

ఏమీ ఇబ్బంది లేదని రాశావు. నేను అడగలేదు కదా.

అన్నయ్య


బొత్తాల దుకాణం, లోపలి బల్ల దగ్గర నుంచి

అన్నయ్యా,

దాటలేదు. ఒక్కసారి కూడా దాటలేదు.

చొక్కా బొత్తాలు కొనాలని వచ్చాను. ఆయన ఎదురుగా మందుల షాపు మెట్ల మీద కూర్చున్నారు. ఈ దుకాణం ఆవిడ మంచిది. "అక్కా, నువ్వు రాసుకో. నేను ఈ రంగు బొత్తాల కోసం డబ్బాలన్నీ దింపుతాను. దొరికితే కదా!" అంది. ఇప్పటికి పదో డబ్బానో ఏమో, నేల మీద అంతా బొత్తాలే.

ఇంటినుంచి రాసే ఉత్తరాలు ఆయన చూసి గానీ పెట్టెలో వేయరు. నీవి నాకన్నా ముందు ఆయనే చదువుతారు. అందుకే అలా రాస్తున్నాను. నువ్వేమో ఆ పొగడ్త నిజమని నమ్మి రెండో ఉత్తరం అంత పొడుగు రాశావు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పాతకాలంలో పాడైన లిఫ్టులకు తగిలించే ఎర్రబోర్డు ఒకటి ఆయన దగ్గర దాచి ఉంది. "వాడరాదు" అని రాసి ఉంటుంది. దాన్ని తెచ్చి స్టీరింగుకు కట్టారు. పొద్దున్నే బోర్డు విప్పి, తాళం ఇచ్చి, పక్కన గడియారం పట్టుకుని నిలబడతారు. పది నిమిషాలవగానే చెయ్యి చాపుతారు. తాళం ఇచ్చేస్తాను. బోర్డు మళ్ళీ కడతారు.

ఆయన చెయ్యెత్తరు, గొంతెత్తరు. నాకు తలనొప్పి వస్తే ఆయనే టీ పెట్టి ఇస్తారు. ఎవరికి చెప్పినా "నీకేం కష్టం తల్లీ" అంటారు. నేను గుమ్మం దాటాలంటే మాత్రం ఏదో ఒకటి సరిగ్గా ఉండదు. ఎండ ఎక్కువ, లేకపోతే చెప్పు తెగేలా ఉంది, లేకపోతే ఎవరో వస్తామన్నారు. నీ ఆపరేషన్ అని రెండు నెలలు నీ దగ్గరికి పంపారంటే అది డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు కాబట్టి. ఆయన తనిఖీ చేసి సంతకం పెట్టిన లిఫ్టు ఒకటి జారి ఒకామె కాలు విరిగింది, నీకు గుర్తుందిగా. ఆ తరువాత నుంచే ఇలా. ముందు బోర్డు తగిలిస్తారు, తరువాత చూస్తారు. నాకు జాలే. జాలి పడుతూనే ఇన్నేళ్ళు ఈ ఇంట్లో కూర్చున్నాను.

ఇదివరకు వద్దనడానికి ఆయనే కారణాలు వెతుక్కునేవారు. ఇప్పుడు నువ్వు రాసి పంపుతున్నావు. వాన వద్దు, చీకటి వద్దు, మట్టిరోడ్డు జాగ్రత్త, తోడు లేకుండా వద్దు. డ్రైవరు సీట్లో కూర్చుంటే నా ఎదురుగా ఉండేది ఆ గోడే. ఆ గోడ నిండా నీ అక్షరాలే అన్నయ్యా.

బడి పెద్దావిడ కబురు పంపింది. వచ్చే ఒకటో తారీఖున కొత్త తరగతి మొదలవుతుంది. ఆ రోజు నేను బల్ల దగ్గర లేకపోతే ఇంకొకామెను పెట్టుకుంటుంది. ఆవిడ తప్పేం లేదు, ఇప్పటికే నా కోసం ఒక తరగతి ఆపింది. ఈ వయసులో నన్ను పిలిచి పనిచ్చేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

నీకు కోపం రావద్దు. ఇంకేమీ జాగ్రత్తలు రాయకు. జవాబు ఇంటికే రాయి, లేకపోతే అనుమానం వస్తుంది.

ఆయన లేచి నిలబడ్డారు. బొత్తాలు దొరికాయి.

చెల్లి


మేడ మీద మిషన్ల గది నుంచి

బావగారికి నమస్కారం.

మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

నిలబెట్టిన బండి నడిచే బండి కన్నా త్వరగా పాడవుతుంది. టైర్లు ఒకే చోట నొక్కుకుపోతాయి. బ్రేకులు తుప్పు పడతాయి. ఆయిల్లో తడి చేరుతుంది. ఇప్పటికే చేరింది. ఆయిలు మార్పించి, చెల్లిని బయటికి నడపనివ్వండి. బడి దాకా వెళ్ళిరావడం బండికి సరిపోయే దూరం.

ఒకటో తారీఖు దగ్గర పడుతోంది. అది మీకూ తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మీ బావ


ముందు గది నుంచి

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. నేను అడ్డుపడుతున్నానని మీరు అనుకున్నట్టుంది. అలాంటిదేమీ లేదు. షరతులు నావి కావు, మీవి. బండి ఎరిగినవారు మీరు. మీ మాట ప్రకారం ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ వస్తున్నాను.

కొత్త టైర్లు వేయించాను. ఆయిలు మార్పించాను. బడి పగటిపూట కాబట్టి లైట్ల సమస్య లేదు. వానలు వెనకబడ్డాయి. మట్టిరోడ్డు చివర కొద్ది దూరమే అని విచారించాను. మిగిలింది ఒకటి. తోడు లేకుండా నడపవద్దని స్పష్టంగా రాశారు. నాకు కారెక్కితే కడుపులో తిప్పుతుంది. లిఫ్టులో రోజంతా ఎక్కి దిగినవాణ్ణి, కారు మాత్రం పడదు. పరాయివాళ్ళను కూర్చోబెట్టడం బాగుండదు. కాబట్టి ఆ ఒక్క షరతు తీరే దారి లేదు. తీరిన రోజు తాళం నేనే ఇస్తాను. రాసిచ్చాక నేను మాట తప్పేవాణ్ణి కాదు.

ఇంకొకటి రాయనా వద్దా అనుకున్నాను. ఆమె మీ దగ్గర ఉన్న రెండు నెలలు నేను ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలవడం ప్రతిసారీ వినిపించేది. మీరు ఎప్పటినుంచో ఒంటరివారు, మీకు అలవాటై ఉంటుంది.

మీ క్షేమం కోరే
బావ


మేడ మీద మిషన్ల గది నుంచి

బావగారికి,

ముప్ఫయ్యో తారీఖు సాయంత్రం బస్సుకు వస్తున్నాను. ఒకటో తారీఖు పొద్దున చెల్లి పక్కన నేను కూర్చుంటాను.

బస్సు దిగే చోట ఎడమ పక్క ఎవరైనా నిలబడితే నాకు కనబడరు. కుడి పక్క నిలబడండి.

మీ బావ


మేడ మీద మిషన్ల గది నుంచి

చెల్లీ,

ఇల్లు చేరాను. బస్సులో ఒకామె ఒళ్ళో కూర్చోబోయాను. ఎడమ సీటు ఖాళీ అనుకున్నాను. ఆమె "తాతా, నేను లేనా ఏమిటి?" అని గట్టిగా అరిచింది. బస్సంతా నవ్వింది. దిగేదాకా తల ఎత్తలేదు.

ఒకటో తారీఖు పొద్దున నువ్వు బానెట్ ఎత్తి ఆయిలు చూస్తున్నావు. గేటు దగ్గర మేము మాట్లాడుకున్నది నీకు వినపడి ఉండదు. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. ఇది బొత్తాల దుకాణానికే పంపుతున్నాను.

బావగారు తాళం పిడికిట్లో పట్టుకుని ఉన్నారు. రాత్రి నిద్రపోయినట్టు లేదు. "బావగారూ, ఏమీ అనుకోకండి. మీకు సగం లోకం కనబడదు. మీరు తోడేమిటి?" అన్నారు.

 నా సంగతి తెలుసు కదా, కొట్లో చిల్లర తక్కువిచ్చినా అడగలేను. ఎలా వచ్చిందో మాట, "తోడు ఉండాలని రాశాను. తోడుకు చూపు ఉండాలని రాయలేదు" అన్నాను.

ఆయన షెడ్డులోకి వెళ్ళి గోడ ముందు నిలబడి నా ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివారు. పక్కదీ చదివారు. నువ్వు ఆయనను చూసి బండికేదో అయిందనుకుని మళ్ళీ కడ్డీ తీసి తుడిచావు. ఆయన తిరిగొచ్చి, "నిజమే. రాయలేదు" అన్నారు. తాళం నా చేతిలో పెట్టారు. చెమటకు తడిసిపోయి ఉంది.

తరువాత, "మొదట్లో అని రాశారు. మొదట్లో అంటే ఎన్నాళ్ళు?" అని అడిగారు.

"ఇవాళ ఒక్కరోజు" అన్నాను.

ఆయన నన్ను అలా చూశారు. కోపం కాదు. లిఫ్టు తలుపులు మూసుకుపోతుంటే బయట మిగిలిపోయిన మనిషి చూపు అది. మనం బండెక్కాక వెనక తలుపు తీసుకుని ఆయన కూడా ఎక్కుతారని నేను అనుకోలేదు. నువ్వు అద్దంలో ఆయనను రెండుసార్లు చూశావు, నాకు కుడి పక్క కూర్చున్నావు కాబట్టి కనబడింది.

దారిలో నేనేమీ చెప్పలేదని నువ్వు అడిగావు కదా, భయపడ్డావా అని. భయపడ్డాను. ఎడమ పక్క ఏం వస్తోందో తెలియదు. నువ్వు చూస్తున్నావులే అనుకుని కూర్చున్నాను. అలా కూర్చోవడం నాకు కొత్త.

అన్నయ్య


కుట్టు బడి, కత్తిరింపు బల్ల దగ్గర నుంచి

అన్నయ్యా,

తరగతికి పద్నాలుగు మంది వస్తున్నారు. ఒకామె నాకన్నా పెద్దది. మొదటిరోజే "నువ్వు నాకు నేర్పేదేమిటి?" అన్నట్టు కూర్చుంది. జేబు కుట్టమంటే చొక్కా లోపలివైపు కుట్టింది. ఇప్పుడు నా బల్ల వదలదు.

బండి బాగుంది. మూత కింద మీగడ పోయింది.

ఆయన రోజూ వస్తున్నారు. వెనక సీట్లో, ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ పెట్టుకుని, తల మోకాళ్ళ మీద ఆనించుకుని. దారిలో రెండుసార్లు ఆపాల్సి వస్తుంది. "మీకెందుకీ అవస్థ, ఇంట్లో ఉండండి" అంటే, "నువ్వు దారి చూసుకో" అంటారు. ఇక్కడికొచ్చాక వరండాలో కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చుంటారు. కిటికీకి ఎదురుగా. నల్లబల్ల మీద రాసి ఇటు తిరిగితే ఆయన మొహం, కిందికి చూస్తే కిటికీ గట్టు మీద ఆయన టీ గ్లాసు. ఒక స్టూలు కాలు కదులుతోందని దానికి "వాడరాదు" బోర్డు తెచ్చి కట్టారు. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. బడి పెద్దావిడ మాత్రం "మంచిదే, ఆ స్టూలు మీంచి నేనే పడ్డాను" అంది. ఆయన మొహం వెలిగింది.

నేను ఇల్లు దాటాను అనుకుంటాను అన్నయ్యా. చూస్తే ఇల్లే నా వెనక సీట్లో కూర్చుని వస్తోంది.

నిన్ను నిందించడం లేదు. ఊరికే రాశాను.

చెల్లి


ఏ చోటో తెలియదు, రోడ్డు పక్కన, బండి లోపల నుంచి

అన్నయ్యా,

నా సంచీలో కాగితాలున్నాయి, అందుకే రాస్తున్నాను. స్టీరింగు మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి.

బడి వదిలాక రోడ్డు రెండుగా చీలే చోట ఉంది కదా. రోజూ కుడికి తిరుగుతాను. ఇవాళ ఎడమకు తిప్పాను. ముందుగా అనుకోలేదు. చెయ్యి అలా తిరిగింది.

కాసేపటికి వెనకనుంచి, "ఇది మన దారి కాదే" అన్నారు.

"కాదు" అన్నాను.

"మరి ఎటు పోతుంది?"

"నాకూ తెలియదు. పోతేనే కదా తెలిసేది."

"బండి ఆపు."

"కళ్ళు మూసుకోండి. తిప్పడం తగ్గుతుంది."

ఆపలేదు అన్నయ్యా. ఆయన మాట విని కూడా ఆపకపోవడం ఇదే మొదటిసారి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయలేదు. ఇంకోసారి ఆపమంటారని చూశాను, అనలేదు. చాలా దూరం వచ్చాక వెనక్కి చూస్తే కాళ్ళు ముడుచుకుని సీటు మీద పడుకుని ఉన్నారు. నిద్రపోతున్నారు. కారులో ఆయన నిద్రపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన ప్లాస్టిక్ సంచీ కింద పడిపోయింది, ఖాళీగానే ఉంది. అప్పుడు బండి ఆపాను.

ఇక్కడ ఒక పక్క ఇటుకల గోడ, ఇంకో పక్క కాలువ. మనుషులెవరూ లేరు. తాళం బండికే ఉంది. వెలుతురు ఇంకా ఉంది.

లేవగానే ఎక్కడున్నామని అడుగుతారు. ఏం చెప్పాలో తెలియదు. ఇంటికి పోవాలనే ఉంది, వంటకు ఏమీ తీసి పెట్టలేదు. కానీ ఇక్కడ బండి తిప్పేంత వెడల్పు లేదు. ఇంకా ముందుకు పోవాలి.

కదులుతున్నారు. ఉంటాను.

చెల్లి